రోజుకు రెండు వరుసలు

ఇప్పుడు మా ఇంటికి ఉత్తరం అనేది రాదు. వచ్చేదల్లా కరెంటు బిల్లు. దాన్ని కూడా నేను పై గీత నుంచి అడుగున సన్న అచ్చులో ఉండే సూచనల దాకా చదివి గాని పక్కన పెట్టను. "అమ్మమ్మా, అది చదివేది కాదే, కట్టేది" అని మనవరాలు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. కాగితం మీద సిరా పోసి అచ్చేసిన మాటను చదవకుండా పారేయడం నా చేత కాదు. (పులుసు పిండిన చింతపండు పిప్పితో ఇత్తడి గిన్నెలు తోమే మనిషిని నేను. నా చేతిలో ఏదీ ఊరికే పోదు.) కానీ ఒక మనిషి మరో మనిషికని కూర్చుని కాగితం రాసే కాలం ఒకటి ఉండేది. పోస్టుమ్యాన్ సైకిలు వరంగల్ కాశిబుగ్గలో మా వాడ మలుపు తిరిగిందంటే మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయేది. అందరికీ ఎక్కడో ఒక చోట మనిషి ఉన్నాడు. నా మనిషి భీవండిలో ఉన్నాడు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చదువు రెండో తరగతి. అదీ వేరే భాషలో.

ఆ వేరే భాష సంగతి చెప్పాలి. మా తాత మగ్గం పని వెతుక్కుంటూ ఈ వైపు నుంచే షోలాపూరు పోయాడు. అక్కడ మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పేది మరాఠీ. రెండో తరగతి అయ్యాక "ఆడపిల్లకు ఇది చాలు" అని కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చోబెట్టారు. తర్వాత కాశిబుగ్గ సంబంధం కుదిరింది. ఇక్కడికి వచ్చి చూస్తే నాకు వచ్చిన అక్షరాలు ఏ గోడ మీదా లేవు, గోడల మీద ఉన్న అక్షరాలు నాకు రావు. మట్టెవాడ అని రాసిన బోర్డు కిందే నిలబడి "మట్టెవాడకు ఎటు పోవాలె?" అని అడిగిన ఘనురాలిని. అడిగించుకున్నాయన బోర్డును చూశాడు, నన్ను చూశాడు, చేత్తో భూమిని చూపించాడు. వాడలో నా పేరు ఎవరూ పలకలేదు. అందరికీ నేను షోలాపూర్ పిల్లనే.

పెళ్ళయిన రెండేళ్ళకు ఇక్కడ మగ్గాలకు పని తగ్గింది. నేను అటు నుంచి ఇటు వచ్చానా, మా ఇంటాయన ఇటు నుంచి అటు, భీవండి మరమగ్గాలకు బయలుదేరాడు. వరంగల్ స్టేషన్‌లో బండి కదిలే ముందు "ఉత్తరం రాయి" అన్నాను. అప్పటికి నాకు అంతకంటే పెద్ద కోరిక లేదు. ఆయన కిటికీ ఊచల మీద చేతులు పెట్టి, "రాస్త. కని చదివేది ఎవలు? మా బాపు. బాపు చదివేదాంట్ల నీకేం రాయాలె? నీకు చదువొస్తే మస్తు ముచ్చట్లు రాద్దును" అన్నాడు. బండి పోయింది. ఆ మస్తు ముచ్చట్లు ఏమిటో అని స్టేషన్ నుంచి ఇంటి దాకా ఆలోచించుకుంటూ నడిచాను.

ఆయన అన్నట్టే అయింది. నెలకో ఇన్లాండ్ కవరు వచ్చేది. మామయ్య ఒక కాడ ఊడిపోయి నూలుపోగుతో చెవికి కట్టుకునే అద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, హరికథ చెప్పినట్టు రాగం తీసి చదివేవాడు. "ఇచ్చట నేను క్షేమం. అచ్చట మీరందరు క్షేమమని తలుస్తాను." అత్తమ్మ వెంటనే అందుకునేది. "ఏం తింటాండో రాసిండా?" "రాయలే." "జరమేమన్న వచ్చిందా?" "రాయలే." "మరి ఏం రాసిండయ్యా?" "క్షేమమని రాసిండు గద!" "క్షేమమని ఎవలైన రాస్తరు!" తలుపు చాటున నేను నిలబడేదాన్ని. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట ఉండేది: "అందరినీ అడిగినట్లు చెప్పగలరు." ఇంట్లో ఏడుగురం. ఆ అడగడంలో ఏడో వంతు నాది అనుకుని లోపలికి పోయి బియ్యం కడిగేదాన్ని.

అలాంటి రోజుల్లో మట్టెవాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, సన్నగా, మాట్లాడితే చేతులు తిప్పుతూ ఉండేది. మా వాడలో మగ్గాలు తీసేసిన ఖాళీ షెడ్డులో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు ఆరు నెలల తరగతి, రాట్నం తెచ్చుకుని కండెలు చుట్టుకుంటూ కూడా కూర్చోవచ్చు. పలకలు, ఓ ఇనుప పెట్టె నిండా పుస్తకాలు. అక్షరాలు నేను మూడు వారాల్లో పట్టేశాను (మరాఠీవి వచ్చినదానికి ఇవేమీ కొత్త దయ్యాలు కావు). కష్టమంతా తర్వాత మొదలైంది. అందరికీ అక్షరాలు వచ్చాక టీచరమ్మ పెట్టె మూత తీసి, "అక్కా, ఇగ మీకు పాఠం చెప్పేది లేదు. చదువుడే పని. సులువైనవి తీసుకోండి. ఎక్కువ చదవండి. తెలవని మాటొస్తే ఆగకండి, దాటుకుంట పోండి, ఏందో కథనే చెప్తది. విసుగొస్తే ఆ పుస్తకం మూసి ఇంకోటి తీయండి" అంది.

నేను బిత్తరపోయాను. ఇదేం పంతులమ్మ! నాలుగు ముక్కలూ నాలుగు దిక్కుల నుంచి నాకు ఎదురు తిరిగినట్టు అనిపించింది. సులువైనవి తీసుకోమంటుందా? ఒక్కొక్కరికి ఒక్క పుస్తకమే ఇంటికి ఇస్తున్నప్పుడు ఇరవై పేజీలది ఎవరు తీసుకుంటారు, తెలివి ఉన్నవాళ్ళు అన్నిటికంటే లావుది తీసుకోవాలి గాని! విసుగొస్తే మూసేయమంటుందా? కంచంలో పెట్టుకున్నది మిగిల్చి లేస్తామా? (మొదటి రోజు పొరపాటున చేతికి వచ్చిన కోళ్ళ పెంపకం పుస్తకాన్ని ఈ పట్టుదలతోనే ఆఖరి దాకా చదివాను. పొదిగే కాలంలో గంపను ఏ మూల పెట్టాలో నాకు ఇప్పటికీ తెలుసు. మా ఇంట్లో కోడి ఎన్నడూ లేదు.) అన్నిటికంటే అన్యాయం ఆ మూడోది, తెలియని మాటను దాటిపొమ్మనడం. మేము నేత వాళ్ళం. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపాలి, ముడి వేయాలి, అప్పుడు గాని మళ్ళీ కాలి కింది పలక తొక్కకూడదు. తెగిన పోగు వదిలేసి ముందుకు నేస్తే ఆ గీత బట్ట పొడుగునా పడుతుంది. పుట్టిన దగ్గర నుంచి విన్న మాట అది. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి తెగితే తెగనీ, తొక్కుకుంటూ పో అంటే నేను వింటానా?

వినలేదు. పెట్టెలో అట్ట ఊడిపోయిన లావు నవల ఒకటి తీసుకున్నాను. ఒక జమీందారు, ఆయన మాట వినని కొడుకు. అందులో మనుషులు మాట్లాడే తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మేము "తిన్నవా" అనే చోట వాళ్ళు "భుజించితివా" అంటారు. పేజీకి పది పదిహేను చోట్ల పోగు తెగుతుంది. ప్రతిసారీ ఆగి ముడి వేయాలంటే అర్థం చెప్పేవాళ్ళు కావాలి, మామయ్యను అడగడానికి మొహమాటం. అందుకని నాకో ఉపాయం తట్టింది. తెలియని మాట వచ్చిన చోటల్లా పనికిరాని ఎర్ర నూలు ముక్క ఒకటి, పడుగుకు పెట్టగా మిగిలిన గంజి వేలికి అంటించుకుని, ఆ మాట మీదనే అతికించేదాన్ని. తీరిక దొరికినప్పుడు టీచరమ్మను అడిగి ఒక్కొక్క పోగూ పీకేయవచ్చు. గంజి ఎలాగూ మిగిలిందే, నూలు ఎలాగూ పారేసేదే. నా తెలివికి నేనే మురిసిపోయాను. నెల రోజులకు పదకొండు పేజీలు అయ్యాయి. పుస్తకం ఎటు పట్టుకున్నా ఎర్రటి కొసలు వేలాడేవి. అత్తమ్మ చూసి, "గిదేంది పిల్లా, పుస్తకానికి గడ్డమొచ్చింది?" అంది.

ఇంతలో లగ్గాల కాలం వచ్చి మగ్గానికి పని తగిలింది. ఇరవై రోజులు రాట్నం ముందు నుంచి లేవలేదు. పుస్తకాన్ని భద్రంగా గంజి బాన వెనక గూట్లో పెట్టాను. మళ్ళీ తీసిన రోజు అందులోంచి నాలుగు బొద్దింకలు, తరగతి అయిపోయిన విద్యార్థుల్లా, తీరిగ్గా దిగి పోయాయి. పేజీ తిప్పాను. నేను గంజి పూసిన ప్రతి చోటా ఒక చిల్లు. పోగులు కింద రాలి ఉన్నాయి, వాటి కింది మాటలు లేవు. వెతికి వెతికి నాకు రాని మాటలను మాత్రమే తిని, వచ్చినవన్నీ నాకు వదిలేశాయి.

నవ్వడానికి ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ఆరు నెలల తరగతిలో నాలుగు నెలలు గడిచాయి. పుస్తకం పాడుచేసిన దాన్ని రావద్దంటే నా ఉత్తరం ఇక ఈ జన్మకు రాదు, నేను ఏడో వంతుతోనే సరిపెట్టుకోవాలి. మరునాడు కొంగు కింద పుస్తకం పెట్టుకుని పోయి టీచరమ్మ ముందు పెట్టాను. పేజీల్లోంచి అవతలి వైపు వెలుతురు కనపడుతోంది. మా వాడలో నోటి దురుసుకు పేరుపడ్డ కండెల వదిన తొంగి చూసి, "షోలాపూర్ పిల్ల పుస్తకం చదువలే టీచరమ్మా, నమిలింది!" అంది. షెడ్డంతా గొల్లుమంది.

టీచరమ్మ నవ్వలేదు. పేజీలు తిప్పి తిప్పి చూసి, "ఇది బయటికి గట్టిగ చదువు" అంది. తప్పుకు శిక్ష కాబోలనుకుని, చిల్లు వచ్చిన చోటల్లా గుటక మింగుతూ చదివాను. జమీందారు గది లోంచి బయటికి వచ్చెను, చిల్లు, ముఖముతో కొడుకును చూచెను, చిల్లు, నా గడప తొక్కవద్దనెను.

"ఆ ముఖం కాడ బొక్కల ఏం మాట ఉండె?" అంది టీచరమ్మ.

"యాదికి లేదు."

"ముఖం ఎట్లుండొచ్చు?"

"ఎట్లుంటది, కోపంగ ఉంటది. లేకుంటే కొడుకును ఎందుకు ఎల్లగొడుతడు?"

"మరి తర్వాత ఏమైంది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. కొడుకు పోవడం, తల్లి వెనక తలుపు దగ్గర మూట ఇవ్వడం, ఆ మూటలో ఏముందో తండ్రికి తెలిసీ తెలియనట్టు ఉండడం. చెబుతూ చెబుతూ చూస్తే షెడ్డులో రాట్నాలన్నీ ఆగిపోయాయి. కండెల వదిన నోరు తెరుచుకుని, "మూటల ఏముండె?" అంది. అప్పుడు టీచరమ్మ పెట్టె మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "రెండు నెలల సంది దాటుకుంట పోండక్కా, దాటుకుంట పోండక్కా అని నేను మొత్తుకుంటాన. నా మాట ఇనలే. బొద్దింకల మాట ఇన్నవ్!"

ఆ రోజు నుంచి నాకు పట్టపగ్గాలు లేవు. పెట్టెలో ఉన్న సన్న పుస్తకాలన్నీ ఒకటి తర్వాత ఒకటి చదివేశాను. కుడిచేత్తో రాట్నం, ఒళ్ళో పుస్తకం, ఎడమ మోకాలితో పేజీ అదుము. పోగు తెగినా ఆగలేదు (పుస్తకంలో. రాట్నం మీద ఆగేదాన్ని). అదే మాట నాలుగో పుస్తకంలోనో ఐదో పుస్తకంలోనో మళ్ళీ ఎదురై, ఈసారి తానే తన అర్థం చెప్పుకుని పోయేది. ఇన్ని మాటలు ఊరికే వస్తుంటే నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి? తరగతి ముగిసే ముందు టీచరమ్మ చేత ఇన్లాండ్ కవరు తెప్పించుకుని, గుండ్రటి అక్షరాలతో మూడే ముక్కలు రాశాను. నాకు చదువు వచ్చింది. ఇక నాకు రాయండి. మామయ్యకు వేరే రాయండి. దాన్ని టీచరమ్మే మట్టెవాడలో డబ్బాలో వేసింది.

జవాబు వచ్చింది. అయితే మా ఇంటాయన నాకు తగిన మొగుడు. ఇద్దరికి రెండు కవర్లు ఎందుకు దండుగ అని ఒకే కాగితం మధ్యలో అడ్డంగా గీత గీసి, పై సగం తండ్రికి, కింది సగం నాకు రాసి పంపాడు. గీత మీద పెద్ద అక్షరాలతో, "బాపూ, ఇక్కడి నుంచి నువ్వు చదవకు" అని హెచ్చరిక ఒకటి. మామయ్య మామూలుగా రాగం తీస్తూ వచ్చి, ఆ వాక్యం కూడా రాగంతోనే చదివేసి, అక్కడ ఆగిపోయాడు. అత్తమ్మ, "ఏందది? చదువు! కింద ఇంకా ఉన్నది గద!" అంది. మామయ్య అద్దాలు తీసి, నూలుపోగు చెవి నుంచి విప్పుకుని, "అది నాది కాదే" అన్నాడు. కత్తెర తెప్పించి, గీత మీద వంకర లేకుండా కత్తిరించి, నా వైపు చూడకుండా కింది సగాన్ని గోడ వైపు చాపాడు. నేను గోడ దగ్గరకు పోయి అందుకున్నాను. ఆయన మీద నాకు అంతకు ముందు భయం ఉండేది. ఆ రోజు నుంచి గౌరవం.

లోపలికి పోయి చూసుకుంటే ఇరవై వరుసలు. ఇరవై! ఎనిమిది మంది ఒకే గది ఖోలీలో పడుకుంటున్నామని, పవర్‌లూమ్ చప్పుడు సెలవు రోజు కూడా చెవుల్లోంచి పోదని రాశాడు. మూడో వరుసలో ఇలా ఉంది: "నువ్వు నిద్దర్ల పండ్లు కొరుకుతవు. ఇంటికాడ ఉన్నప్పుడు తిట్టేటోణ్ణి. ఇక్కడ ఆ చప్పుడు లేక నిద్ర పడుతలేదు." నాలుగో వరుస దగ్గరే నేను కాగితం మడిచేశాను. అంతే, ఇక ఆ పూటకు చాలు. ఇన్నాళ్ళుగా కోరుకుంటున్నది చేతికి వస్తే ఒక్క పూటలో తాగేయడానికి అది మజ్జిగ కాదు. మళ్ళీ ఎప్పుడు రాస్తాడో, రాస్తాడో లేదో. మరునాటి నుంచి రోజుకు రెండు వరుసలు అని పెట్టుకున్నాను. రాత్రి వంటయ్యాక, చీరల కింద నుంచి తీసి, కింది భాగం అరచేత్తో కప్పి, ఆ రోజు వరుసలు రెండూ ఒక్కో మాట దగ్గర ఆగి చదివి మళ్ళీ దాచేదాన్ని. దాటుకుంటూ పొమ్మన్న టీచరమ్మ మాట ఆ ఒక్క కాగితం దగ్గర నాకు తలకెక్కలేదు. అత్తమ్మ, "ఇంకా ఒడువలేదానే ఆ ఉత్తరం? అంత గనం ఏం రాసిండే!" అని రోజూ ఒకసారి దెప్పేది. నేను లోపల నవ్వుకునేదాన్ని. నా దగ్గర ఇంకా పన్నెండు ఉన్నాయి, పది ఉన్నాయి, ఆరు ఉన్నాయి.

ఎనిమిదో రోజు, ఎండ దిగే వేళకు, వాకిట్లో ట్రంకు పెట్టె దించిన చప్పుడైంది. మా ఇంటాయన! అత్తమ్మ కేక వేసి కొడుకును పట్టుకుని ఏడ్చింది. మామయ్య మగ్గం గుంటలోంచి లేచాడు. మా ఇంటాయన అందరికీ జవాబు చెబుతున్నాడు గాని చూపు నా మీదే ఉంది, ఆ చూపులో సంతోషం లేదు. అన్నం పెడుతున్నప్పుడు మెల్లగా అడిగాడు.

"ఉత్తరం అందలేదా?"

"అందింది."

"మరి చదువలేదా?"

"చదువుతాన."

"చదువుతాన అంటే?"

"ఇంకా నాలుగు వరుసలున్నయ్."

కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. నేను పోయి చీరల కింద కాగితం తీసి, నిలబడే, ఆ నాలుగు వరుసలూ ఒక్క గుక్కలో చదివాను. "భీవండి ఇడిసిపెట్టి వస్తాన. శుక్రవారం మధ్యాహ్నం బండికి దిగుత. బాపుకు రాయలే. చదువుకు పోతాన అని చెప్పి నువ్వొక్కదానివే స్టేషనుకు రా. చాయ్ తాగి నిమ్మళంగ నడుచుకుంట వద్దాం. ఇంట్లకొచ్చినంక మనకు మాట్లాడ దొరకది."

తిరిగి వచ్చి ఆయన ముందు కూర్చున్నాను. అత్తమ్మ అవతల వాడ వాళ్ళకు కొడుకు వచ్చిన సంగతి చెబుతోంది.

"బండి దిగి రెండు గంటలు కూసున్న," అన్నాడు. "నువ్వు గేటు కాడ కనవడంగనే ఇద్దామని చాయ్ గూడ రెండు తీసుకున్న."

ఎన్నో అనాలని ఉంది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మరి ఆ రెండో చాయ్ ఏం చేసినవ్?"

"నేనే తాగిన."

"మంచిగ చేసినవ్," అన్నాను.

ఆయన చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకుని, తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుతో నా తప్పు ఇంట్లో ఎవరికీ తెలియకుండా కడిగేశాడు.

ఆ తర్వాత ఆయన పని కోసం మళ్ళీ ఏ ఊరూ పోలేదు. నేను దేవుణ్ణి కోరుకున్నదీ అదే, కాదనను. కానీ ఒకే ఇంట్లో ఉండే మనుషులు ఉత్తరాలు రాసుకోరు కదా. ఇంత కష్టపడి నేర్చిన చదువుకు నాకు వచ్చింది అర కాగితం. ఒకసారి, పిల్లలు పుట్టాక, "నాకోసం ఒకటి రాయరాదు" అని అడుగుదామనుకుని, అడిగితే ఏమనుకుంటాడోనని పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. స్టేషన్ నుంచి కాశిబుగ్గ దాకా ఆ దారిన ఇద్దరం కలిసి ఎన్నిసార్లు నడిచామో లెక్క లేదు. ఆయన నెత్తిన నూలు మూట, నా చంకన పిల్ల, వెనక మరో పిల్ల ఏడుపు, ఎప్పుడూ ఏదో తొందర. నిమ్మళంగా మాత్రం ఒక్కసారీ నడవలేదు. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్ళు. ఆ దారిలో ఆ మధ్యాహ్నం ఏం మాట్లాడాలని అనుకున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషిని కాదని మా పిల్లలంతా అంటారు, నిజమే. కానీ చీరల ముందు గొంతుకూర్చుని, కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా ఆరు ఉన్నాయి, ఇంకా నాలుగు ఉన్నాయి అని మురిసిపోతున్న ఆ షోలాపూర్ పిల్ల కళ్ళ ముందుకు వచ్చినప్పుడు నాకు తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చుని, ఆ చెయ్యి కొంచెం పక్కకు జరిపి, "ఒక్కసారి కింది దాకా చూడవే పిచ్చిదానా, దాచుకునుడు తర్వాత దాచుకో" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. నాకు తెలుసు కదా దాని సంగతి, మహా మొండిది.